నేను ఏడాది ముందే పుట్టించిన లింగన్న

1966వ సంవత్సరం, రాయచూరు. ఈ వ్యవహారంలో మొదటి మూర్ఖుణ్ణి నేనేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను. రెండోవాడి కోసం చాలాకాలం వెతికాను గానీ చివరికి ఆ ఖాళీ కూడా నాతోనే భర్తీ అయింది.

అప్పట్లో నేను రైతుల పథకాలు చూసే ఒక సర్కారీ కచేరిలో టెంపరరీ గుమస్తాను. టెంపరరీ అంటే ఆరు నెలలకోసారి పైవాళ్ళు ఉద్యోగం పొడిగిస్తారు. అందాకా మనం మెడ పొడిగించి చూస్తూ ఉండాలి. నాకున్న ఆస్తి ఒక్కటే, ఉర్దూ. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కనక పాత రిజిస్టర్లన్నీ గడగడా చదివేవాణ్ణి. రాష్ట్రాలు మారి మా జిల్లా మైసూరులో కలిశాక వచ్చిన ఆఫీసర్లకు ఆ అక్షరాలు చీమలబారులా కనిపించేవి. ఆ చీమలను పలికించేవాడు కచేరి మొత్తానికి నేనొక్కణ్ణే. దాంతో నా తలకు కొమ్ములు మొలిచాయి. తలకు మించినవి కావు, చిన్నవే. గుచ్చుకునేంత మాత్రం.

పుట్టిన తేదీల దగ్గర నా దర్జా మరీ ఎక్కువ. పాత బడి రిజిస్టర్లలో తేదీలు ఇంగ్లీషు లెక్కలో ఉండవు, ఫసలీ లెక్కలో ఉంటాయి. ఫసలీ అంటే నిజాం సర్కారు పంటల లెక్కన నడిపిన సంవత్సరం. అది అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫసలీకి అయిదువందల తొంభై కలపాలి. అయితే అది డిసెంబరు దాకానే. జనవరి దాటిన నెలలకు మరొకటి చేర్చి అయిదువందల తొంభై ఒకటి కలపాలి. మాకు బడిలో ఈ లెక్కను బెత్తం పట్టుకుని నేర్పారు. బెత్తం గుర్తుంది.

ఆ ఏడు మొదట్లో ఒక విదేశీ సంస్థ నుంచి మా కచేరికి కాగితాలొచ్చాయి. యువ రైతుల మార్పిడి పథకం. వాళ్ళ కుర్రవాళ్ళు ఇక్కడికొచ్చి మన పల్లెల్లో ఉంటారు. మనవాళ్ళు జపాను వెళ్ళి అక్కడి రైతుల ఇళ్ళల్లో ఏడాది ఉండి పని నేర్చుకుంటారు. ఓడ ఛార్జీ, తిండి, బట్ట అన్నీ వాళ్ళవే. మా జిల్లాకు ఒక్కటే సీటు. జూలై ఒకటో తేదీకి ఇరవై అయిదేళ్ళు నిండకూడదు. దరఖాస్తులు త్రూ ప్రాపర్ ఛానల్ రావాలి. ప్రాపర్ ఛానల్ అంటే అడిగేవాడు ఇచ్చేవాణ్ణి నేరుగా అడగకూడదు, మధ్యనున్న ప్రతి బల్లకూ దణ్ణం పెట్టుకుంటూ పోవాలి అని అర్థం. మా జిల్లాలో కాలువ నీళ్ళు కూడా ఆ పద్ధతిలోనే పారతాయి. చివరి పొలానికి చేరేది నీళ్ళు వచ్చాయన్న వార్త మాత్రమే.

యరగేర నుంచి లింగన్న వచ్చింది అప్పుడే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బల్ల ముందు నిలబడితే వంగి మాట్లాడేవాడు, కూర్చోమంటే నిలబడేవాడు. తండ్రి లేడు. తల్లి ఈరమ్మకు పుట్టింటివాళ్ళిచ్చిన మూడెకరాలు మాన్వి దిక్కున కాలువ కింద ఉన్నాయి. పక్కనే కోస్తా నుంచి వచ్చి స్థిరపడి సాగు చేసుకుంటున్నవాళ్ళ క్యాంపు. అక్కడి సత్యంగారనే రైతు దగ్గర లింగన్న నారు పోయడం, నాట్లు వేయించడం నేర్చుకున్నాడు. సత్యంగారు ఉత్తరం కూడా రాసిచ్చారు: "కుర్రాడు బంగారమండి. నేను చెప్పింది వినడు, చూసింది చేస్తాడు. రైతుకు అదే కావాలండి."

ఫారం ఆరు పేజీలు, అంతా ఇంగ్లీషు. ఒక్కొక్క ప్రశ్నా చదివి అర్థం చెప్పి, వాడు చెప్పింది ఇంగ్లీషులోకి మార్చి టైపు చేశాను. "జపాను ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్న దగ్గర ఆగాను.

"లింగన్నా, ఇక్కడ ప్రపంచ సౌభ్రాత్రం అని రాద్దాం. దేశాల మధ్య స్నేహం, శాంతి. ఇట్లాంటివి రాస్తే వాళ్ళకు నచ్చుతది."

"గవన్ని నాకెందుకు సాబ్? నా భూమి తెల్లగైంది. దాన్ని మళ్ళ నల్లగ జేయనీకె పోతున్న అని రాయి."

"తెల్లగైందా?"

"పై పొలాలల్ల వరి పెట్టిండ్రు. ఆ నీళ్ళు ఊరి ఊరి మా చెల్క పొలాలకు దిగినయ్. ఉప్పు పైకి తేలింది. పొద్దుగాల్ల చూస్తే సున్నమేసినట్టే. కాలువ నీళ్ళు మాకింక రానేలే సాబ్, కాలువ ఉప్పు మాత్రం వచ్చింది." వాడు చేత్తో బల్ల మీద ఒక గీత గీశాడు. "జపాన్ల భూమి లోపల్నుంచి నీళ్ళు గుంజి బయటకు దోలుతరంట. గ్రామసేవక్ జెప్పిండు. అది నేర్చుకుంట."

వాడన్నది అన్నట్టే రాశాను. ఆరు పేజీల్లో నేను చెడగొట్టని వాక్యం అదొక్కటే.

ఇక పుట్టిన తేదీ. బడి నుంచి తెచ్చిన పాత సర్టిఫికెట్‌లో 'మెహర్, 1350 ఫసలీ' అని ఉంది. ఆ సమయానికి మైసూరు వైపు నుంచి వచ్చిన కొత్త ఇన్‌స్పెక్టరు ఒకాయన నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఇదేమిటయ్యా, ఈ మెహర్?" అని ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోయేవాళ్ళు ఎదురుగా ఉంటే నాకు కాగితం, పెన్సిలు అక్కర్లేదు. "మెహర్ అంటే ఆగస్టు సార్. పదమూడు వందల యాభై, దానికి అయిదువందల తొంభై. పంతొమ్మిది వందల నలభై, ఆగస్టు!" అని చిటికె వేసి చెప్పి, అదే చిటికెలో టైపు చేసి, పక్కన 'మార్చినవారు' అని పొట్టి సంతకం కూడా పెట్టాను. ఇన్‌స్పెక్టరు "భేష్" అన్నాడు. ఆ ఒక్క భేష్‌కి నేను చెల్లించిన ధర లింగన్న జేబులోంచి పోయింది.

ఆగస్టుకు తొంభై ఒకటి కలపాలి. నేను తొంభై కలిపాను. వాణ్ణి ఏడాది ముందే పుట్టించాను.

ఆ వారంలోనే మా మేనేజరు తన మేనల్లుడి దరఖాస్తు కూడా నాచేతనే టైపు చేయించాడు. మేనేజరంటే కచేరిలో కాగితాలన్నిటికీ పెద్ద. ఆఫీసరు సంతకం పెడతాడు, ఎక్కడ పెట్టాలో మేనేజరు చూపిస్తాడు. ఆయన చెబుతూ పోయాడు, నేను కొడుతూ పోయాను. తేదీ దగ్గరికొచ్చేసరికి, "అక్టోబరు, నలభై ఒకటి. కొట్టప్పా, లెక్క నేను చేసేశాను" అన్నాడు. కొట్టి, మామూలుగా పొట్టి సంతకం పెట్టాను. పక్కనున్న పాత సర్టిఫికెట్ వైపు చూడను కూడా లేదు. పెద్దలు లెక్క చేశాక చిన్నవాళ్ళు చూడటం మర్యాద కాదు కదా.

మంగళవారం నాడు నోటీసు బోర్డుకు జాబితా అంటించారు. లింగన్న పేరు మీద ఎర్ర గీత, పక్కన 'జననం ఆగస్టు 1940, వయసు మించినది'. మేనల్లుడి పేరుకు ఎర్ర టిక్కు.

బుధవారం పొద్దున్నే ఈరమ్మ కచేరికి వచ్చింది. వెనకాల లింగన్న. ఆమె గుమ్మంలో ఆగలేదు, అర్జీలు పెట్టుకునేవాళ్ళు నిలబడే చోట కూడా ఆగలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నువ్వేనా గుమస్తా సాబు?"

"అవునమ్మా."

"నా కొడుకు పుట్టింది రాసినోనివి?"

"నేనే."

"నా పెండ్లి ఎప్పుడైందో తెలుసునా నీకు? విక్రమ నామ సంవత్సరం, వైశాఖంల. వీడు పుట్టింది మర్సటేడు, వృష నామ సంవత్సరం శ్రావణంల. నువ్వు రాసిన లెక్కకు నాకు పెండ్లైన మూడు నెలలకే కొడుకు పుట్టిండు! ఏంది సాబ్, గిట్ల రాస్తరా? నీ తల్లికి రాస్తవా గిట్ల?"

కచేరి మొత్తం టైపు మిషన్లు ఆగిపోయాయి. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. లింగన్న, "అవ్వా, మెల్లగ" అన్నాడు.

"ఎందుకు మెల్లగ? మెల్లగ రాసిండా ఆయన? సర్కారు కాగితం మీద మిషనేసి కొట్టిండు గద!"

నాకు అప్పుడు వెలిగింది. వెలగడం కాదు, కాలింది. విక్రమ అంటే నలభై. వృష అంటే నలభై ఒకటి. నా తలలో మూడు పంచాంగాలున్నాయి: ఉర్దూది, తెలుగుది, ఇంగ్లీషుది. ఆ తల్లి తలలో ఉన్నది ఒక్కటే, అదే సరైనది. మెహర్ ఆగస్టు కదా, తొంభై ఒకటి కదా అని బెత్తం మళ్ళీ చేతి మీద పడ్డట్టయింది.

"తప్పు నాదే అమ్మా," అన్నాను. "శనివారం టపాలో గాని కాగితాలు బెంగుళూరు పోవు, అదే ఆఖరి తేదీ. ఆ లోపల దిద్దిస్తాను."

ఆమె కొంచెం తగ్గింది. "దిద్దు. నా మర్యాద కొరకు కాదు. ముసలిదాన్ని, నా మర్యాదతోని ఎవరికి పని? వాని కొరకు దిద్దు."

వాళ్ళు బయట వేపచెట్టు కింద కూర్చున్నారు. నేను ఫైలు తీశాను. దిద్దుబాటు చీటీ రాయబోతూ, లింగన్న కాగితాల కిందనే ఉన్న మేనల్లుడి దరఖాస్తు చూశాను. ఈసారి పాత సర్టిఫికెట్ కూడా చూశాను. 'ఆజూర్, 1350 ఫసలీ.' ఆజూర్ అంటే అక్టోబరు. దానికి కలపాల్సింది తొంభై. అక్కడ తొంభై ఒకటి కలిపారు. నేను లింగన్నకు ఎగ్గొట్టిన ఒక్క ఏడాది మేనల్లుడికి దొరికినట్టుంది. నాది తెలివితక్కువ. అది తెలివి.

ఫైలు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను.

"సార్, రెండు తేదీలూ తప్పాయి. లింగన్నది ఏడాది ఎక్కువైంది. ఇంకొకటి..." అని ఆగాను.

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఇంకొకటి ఏనప్పా?"

"ఇంకొకటి ఏడాది తక్కువైంది సార్."

"రెండిటి పక్కనా ఎవరి సంతకం ఉంది?"

"నాదే సార్."

"మరి ఎవరు తప్పు చేసినట్టు?" ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. "చూడప్పా, వచ్చే నెల నీ పొడిగింపు కాగితం వస్తుంది. 'ఈ గుమస్తాకు కూడికలు రావు, రెండు దరఖాస్తుల్లో రెండూ తప్పు చేశాడు' అని నేను రాయాలా? ఒకటి తప్పయితే మనిషి పొరపాటు. రెండయితే పనికిరాడు. ఒకటో రెండో నువ్వే చెప్పు."

నేను ఒకటి అన్నాను.

ఆ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అమ్మకు ఆయాసం అని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. అవన్నీ నిజమే. ఒకటి అన్నది కూడా నిజమే.

"సరే, ఆ రైతుది దిద్దుదాం," అన్నాడాయన ఉదారంగా. "ఉత్త చీటీ చాలదు. బడి రిజిస్టరు ఎక్స్‌ట్రాక్ట్ తెచ్చి, తహసీల్దారు అటెస్టేషన్ చేయించి పుట్ అప్ చెయ్యి." ఎక్స్‌ట్రాక్ట్ అంటే రిజిస్టర్లోని ఆ పేజీ నకలు. అటెస్టేషన్ అంటే నకలు నకిలీ కాదని ఒక ఆఫీసరు ముద్ర వేయడం. పుట్ అప్ అంటే ఫైలును పైవాడి బల్ల మీద పెట్టడం. పెట్టడం వరకే మన పని; అక్కడినుంచి అది లేస్తుందా లేదా అన్నది దైవాధీనం.

గురువారం లింగన్న, నేను బస్సులో యరగేర వెళ్ళాం. హెడ్మాస్టరు భోజనానికి పోయాడు, తాళంచెవి నౌకరు దగ్గర, నౌకరు సంతలో. మధ్యాహ్నం మూడు దాటాక రిజిస్టరు దొరికింది. బస్సులో తిరిగి వస్తుంటే లింగన్న అన్నాడు: "సాబ్, జపాన్ల చలి బాగుంటదంట గద. రెండు గొంగళ్ళు తీసుకపోత. ఒకటి ఆ ఇంటోళ్ళకు. ఉత్త చేతులతోని ఎట్ల పోయేది ఇంకొకల ఇంటికి?"

తహసీల్దారు సంతకం శుక్రవారం పొద్దున అయింది. పదకొండు గంటలకు ఫైలు మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన చూశాడు. "బాగుంది. అన్నీ ఉన్నాయి" అని ఫైలును సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. దేవదుర్గలో బంధువుల ఇంట్లో ఏదో శుభకార్యమట. సెలవు చీటీ మాత్రం వచ్చింది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. ఆఫీసరు బెంగుళూరు మీటింగులో ఉన్నాడు. మేనల్లుడి కాగితాలకు కవరింగ్ లెటర్, అంటే 'ఇందుతో పంపడమైనది' అనే పై ఉత్తరం, ఆఫీసరు వెళ్ళేముందే సంతకమైపోయి ఉంది. శనివారం టపాలో అవి వెళ్ళాయి. డిస్పాచ్ రిజిస్టర్లో ఎక్కించింది నేనే.

సోమవారం ఆయన వచ్చి సొరుగు తెరిచాడు. "అరెరె, డేటు దాటిపోయిందా?" అన్నాడు. ఆ 'అరెరె'లో రెండో 'రె' నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈరమ్మను వెంటబెట్టుకుని వచ్చి లింగన్న బల్లకు అవతల నిలబడ్డాడు. "మర్సటేడు వస్తదా సాబ్, ఈ స్కీము?"

"వస్తది లింగన్నా. గానీ అప్పటికి నీకు ఇరవై అయిదు నిండుతాయి."

వాడు పక్కకు జరిగాడు. ఈరమ్మ ముందుకొచ్చింది. అరవలేదు, ఈసారి మెల్లగానే అంది. "ఏడాది ముందుగాల పుట్టించినవ్ గద సాబ్. ఇప్పుడు ఏడాది ఎన్కకు పుట్టియ్యి. నీ మిషనే గద. కొట్టు."

నేను మిషను మీద గుడ్డ కప్పాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత సర్వీసంతా ఫసలీ తేదీ ఎవరు తెచ్చినా, ముందు "మీ అమ్మ ఉందా?" అని అడిగేవాణ్ణి. ఉంటే పిలిపించి, పెళ్ళెప్పుడు, కాన్పెప్పుడు, ఏ పంట కోతలప్పుడు అని అడిగి, ఆ తర్వాతే రిజిస్టరు తెరిచేవాణ్ణి. కొత్త గుమస్తాలు నవ్వేవాళ్ళు. కాగితం తప్పు చెప్పదని వాళ్ళ నమ్మకం. కాగితం మీద తప్పు రాసేది మనమేనని నాకు ఇంకొకరి ఖర్చుతో తెలిసింది. చిటికె వేయడం కూడా మానేశాను.

మేనల్లుడు ఏడాది తర్వాత జపాను నుంచి దిగాడు. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. మామ తోసిన చోటికి వెళ్ళాడు, పిలిచిన చోటికి వచ్చాడు. తిరిగొచ్చినవాళ్ళు రైతుల సభ పెట్టి నేర్చుకున్నది చెప్పాలనీ, ఆ సభ మినిట్స్ జిల్లా కచేరి నుంచి తమకు పంపాలనీ ఆ విదేశీ సంస్థ షరతు. మినిట్స్ అంటే సభలో ఎవరేమన్నారో రాసే కాగితం. సభ ఎక్కడ పెట్టాలని ఆఫీసరు అడిగితే, మాన్వి దిక్కు క్యాంపు దగ్గర అయితే రైతులు బాగా వస్తారు సార్ అన్నాను. రైతుల సభను రైతుల దగ్గర వద్దనడానికి మేనేజరుకు ఏ రూలూ దొరకలేదు.

సత్యంగారి కళ్ళంలో సభ. మేనల్లుడు ఫోటోలు తెచ్చాడు. మంచు కొండ, రైలు, చిన్న ట్రాక్టరు పక్కన తాను. అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. ఈరమ్మ ఫోటోలు తీసుకోలేదు. లేచి నిలబడింది.

"బాబూ, నా చెల్కల ఉప్పు తేలింది. ఏం జేయాలె?"

కుర్రవాడు మామ వైపు చూశాడు. "అక్కడ... అక్కడ ఉప్పు నేల నేను చూడలేదమ్మా."

"లోపల్నుంచి నీళ్ళు గుంజుతరంట గద?"

"అవి వేరే ఊళ్ళో ఉన్నాయమ్మా. మేం వెళ్ళలేదు."

సత్యంగారు వెనకనుంచి, "మరి ఏడాది పొడుగునా ఏం చూశారండీ బాబూ?" అన్నారు.

"ఫోటోలున్నాయి కదండీ," అన్నాడు కుర్రవాడు. పాపం, నిజమే చెప్పాడు.

సభ అయ్యాక లింగన్న ఏడని ఈరమ్మను అడిగాను. "సింధనూరు మిల్లుల బస్తాలు మోస్తున్నడు సాబ్. పొలం బీడై పడావు పడ్డది" అంది. మాట్లాడింది చాలు అన్నట్టు కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మినిట్స్ రాయడానికి ఒక పద్ధతి ఉంది. సభలో రాళ్ళు పడ్డా సరే చివర్లో 'రైతులు తమ సందేహములను నివృత్తి చేసుకొని మిక్కిలి సంతృప్తి చెందిరి' అని రాయాలి. నేను ఆ వాక్యాన్ని వందసార్లు టైపు చేసి ఉంటాను. ఆ రోజు చేయలేదు. మంచి ఇంగ్లీషులో, ఒక్క విశేషణం లేకుండా, ఉన్నదున్నట్టు కొట్టాను. ప్రశ్న: నా పొలంలో ఉప్పు తేలింది, ఏమి చేయవలెను? జవాబు: చూడలేదు. ప్రశ్న: ఏడాది ఏమి చూసితిరి? జవాబు: ఫోటోలు కలవు. నకళ్ళు అయిదు. అయిదోది జపాన్లోని ఆ సంస్థకు.

మేనేజరు భోజనం చేసి వచ్చి, ఒక కునుకు తీసి లేచాక సంతకాలు పెట్టే వేళకు ఫైలు తీసుకెళ్ళాను. ఆయన చదవలేదు. నేను వేలితో చూపించిన చోటల్లా, అయిదు నకళ్ళ మీదా సంతకం పెట్టాడు. మొదటిసారిగా ఎక్కడ పెట్టాలో నేను చూపించాను.

విదేశీ కవరుకు స్టాంపులు ఎక్కువ కావాలి. కచేరిలో నీళ్ళ స్పంజి ఉంది, నౌకరు అందివ్వబోయాడు కూడా. వద్దన్నాను. ఒక్కొక్క స్టాంపునూ నాలుకతో తడిపి అంటించాను. ఆ కచేరిలో నా నాలుక చేసిన ధైర్యమైన పని అదొక్కటే.